పాల్ బోల్స్ చదవాలా వద్దా? చదివితే దేనితో మొదలుపెట్టాలి?

మొరాకోలోని కాసాబ్లాంకాలో ప్రాజెక్టు పని మీద ఉన్న ఒకరు, అమెరికన్ రచయిత పాల్ బోల్స్ గురించి అడిగారు. ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆఫీసులో ఫ్రెంచ్ కొలీగ్ ఒకాయన "మొరాకోలో ఉంటూ పాల్ బోల్స్ చదవకపోతే ఎలా?" అన్నాడట. అదే టీములో ఉన్న మొరాకో అమ్మాయి ఆ పేరు వినగానే మొహం చిట్లించిందట. ఇంతకీ చదవాలా వద్దా, దేనితో మొదలుపెట్టాలి, ఆ దేశం అర్థం కావడానికి ఈయన పనికొస్తాడా, తాను రాద్దామనుకుంటున్న కథలకి ఏమైనా ఉపయోగమా అన్నవి వారి సందేహాలు.

చదవండి. నవలల జోలికి వెంటనే పోకుండా "ఎ డిస్టంట్ ఎపిసోడ్" అనే కథతో మొదలుపెట్టండి. మొరాకో గురించి తెలుసుకోవాలంటే మాత్రం ఈయన దగ్గరికి వెళ్లకండి, దానికి మీ టీములో అమ్మాయే నయం. బోల్స్‌కి క్షుణ్ణంగా తెలిసింది వేరే సంగతి. ఊరుగాని ఊళ్లో "ఇక్కడి సంగతులు నాకు తెలుసులే" అనుకునే మనిషి బుర్ర ఎలా పని చేస్తుందో, సరిగ్గా ఎక్కడ దెబ్బ తింటాడో ఆయనకి తెలుసు. దాన్ని అంత నిర్దయగా రాసినవాళ్లు తక్కువ.

నా సంగతి చెప్పాలి కదా. చాలా ఏళ్లు పీజీ పిల్లలకి అమెరికన్ ఫిక్షన్ పాఠం చెప్పాను. రిటైరయ్యాక, విదేశాల నుంచి మనవాళ్లు పంపే కథల్ని ఒక చిన్న వెబ్ పత్రిక కోసం చూసి పెడుతున్నాను. మొరాకోలో అడుగుపెట్టలేదు. కాబట్టి నేను చెప్పేదంతా పుస్తకాల గురించే, అక్కడి వీధుల గురించి కాదు.

ముందు మనిషి గురించి కాస్త. బోల్స్ 1910లో న్యూయార్క్‌లో పుట్టాడు. మొదట పేరు తెచ్చుకున్నది సంగీతంలో. అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లాండ్ దగ్గర నేర్చుకుని, నాటకాలకి సంగీతం కట్టి బతికాడు. కుర్రవాడిగా పారిస్‌లో ఉండగా, అక్కడున్న అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ ఆయన కవితలు చూసి ఇది కవిత్వం కాదని మొహం మీదే చెప్పేసింది. మొరాకో ఉత్తర తీరంలోని టాంజియర్ వెళ్లమని సలహా ఇచ్చింది కూడా ఆవిడే. 1931లో కోప్లాండ్‌తో కలిసి వెళ్లాడు. 1947లో అక్కడే స్థిరపడ్డాడు. 1999లో చనిపోయేదాకా, అంటే యాభై ఏళ్లకు పైగా, ఆ ఊరే ఆయన చిరునామా. చివరి రోజులు ఫోను కూడా లేని ఫ్లాట్‌లో గడిచాయి. అస్థికలు మాత్రం న్యూయార్క్ రాష్ట్రానికి చేరాయి, తల్లిదండ్రుల సమాధుల పక్కకి. భార్య జేన్ బోల్స్ కూడా రచయిత్రే. 1943లో వచ్చిన ఆవిడ ఏకైక నవల "టూ సీరియస్ లేడీస్"లో పనామా వెళ్లిన అమెరికన్ గృహిణి ఉంటుంది. పరాయి ఊళ్లో తప్పిపోవడాన్ని ఆవిడ హాస్యంగా రాసింది, ఆయన భయానకంగా రాశాడు. ఎవరు గొప్ప అంటే నేను చాలాసార్లు జేన్ వైపే మొగ్గుతాను, కానీ మీరు అడిగింది ఆయన గురించి.

ఆయన వెళ్లినప్పటి టాంజియర్ ఇప్పటి టాంజియర్ కాదు. 1920ల నుంచి 1956 దాకా అది అంతర్జాతీయ మండలం, కొన్ని యూరప్ దేశాలు కలిసి పాలించేవి. డబ్బు మార్పిడి మీద అదుపు లేదు. స్మగ్లర్లకీ, పరారీలో ఉన్నవాళ్లకీ, చేతిలో కాస్త డాలర్లున్న రచయితలకీ చవకగా దొరికిన ఆశ్రయం. బోల్స్ పాత్రలు అంత తీరుబడిగా తిరగ్గలగడానికి ఈ ఏర్పాటే కారణం. ఇది గుర్తుంచుకుని చదవాలి.

"ఎ డిస్టంట్ ఎపిసోడ్" ఎందుకు ముందు? చిన్న కథ, ఒక్క కూర్చున్నంతలో అయిపోతుంది. 1947లో అచ్చయింది. ఆయన రాసినదంతా ఇందులో ఉంది.

భాషాశాస్త్ర ప్రొఫెసర్ ఒకాయన సహారా అంచున ఉన్న ఊరికి బస్సులో దిగుతాడు. పేరుండదు, ప్రొఫెసరే. చేతిలో రెండు సంచులు, వాటి నిండా మ్యాపులు, ఎండకి రాసుకునే క్రీములు, మందులు. పదేళ్ల కిందట అక్కడ మూడు రోజులున్నాడు, ఒక కాఫీ దుకాణం యజమానితో స్నేహమైంది. ఏం పని మీద వచ్చావని బస్సు డ్రైవర్ అడుగుతాడు. ఇక్కడి భాషల మీద అని ఈయన జవాబు. ఇక్కడ భాషలెక్కడివి, యాసలే కదా అంటాడు డ్రైవర్. అదే, ఆ యాసల మీదే నా సర్వే అంటాడు ఈయన. అయితే ఇంకా దక్షిణానికి పో, నువ్వు ఎన్నడూ వినని భాషలు దొరుకుతాయి అని డ్రైవర్ ఎద్దేవా చేస్తాడు. కథ పూర్తయ్యాక ఈ మాట దగ్గరికి మళ్లీ రండి, ఒళ్లు జలదరిస్తుంది.

దుకాణానికి వెళ్తే ఆ స్నేహితుడు చనిపోయాడు. ఉన్న పనివాడు తల కూడా ఎత్తకుండా ఆ సంగతి చెప్తాడు. ప్రొఫెసర్ స్థానిక అరబ్బీలో మాట్లాడుతుంటే వాడు పట్టుబట్టి వచ్చీరాని ఫ్రెంచిలోనే బదులిస్తాడు. నా భాషలోకి నిన్ను రానివ్వనని దీని అర్థం, కానీ ప్రొఫెసర్‌కి అది పట్టదు. ఒంటె పొదుగు తోలుతో చేసిన చిన్న పెట్టెలు దొరుకుతాయా అని అడుగుతాడు. రెగీబాత్ తెగవాళ్లు తెస్తుంటారు కానీ ఇక్కడ మేం కొనం, అసలు పెట్టె ఎందుకని పనివాడి ప్రశ్న. ఇష్టం కాబట్టి అని ఈయన సమాధానం. ఆ రాత్రి వెన్నెల్లో పనివాడు ఊరు దాటించి, ఒక లోయ అంచుకి తీసుకెళ్లి, డబ్బులు పుచ్చుకుని వెనక్కి వెళ్లిపోతాడు. ప్రొఫెసర్ అక్కడ ఆగి ఆలోచిస్తాడు. ఇది పిచ్చిపని అని తెలుసు. అయినా దిగుతాడు. కుక్కలు మీద పడతాయి, వెన్నులో తుపాకీ ఆనుతుంది. తెల్లారాక ఆయన నాలుక కోసేస్తారు. రేకు డబ్బాల అడుగులు గుచ్చిన దండలు ఒంటినిండా కట్టి, గంతులేసే ఆటబొమ్మలా తమ వెంట తిప్పుకుంటారు.

ఏడాది గడిచాక ఒక పట్టణంలో అమ్ముతారు. కొన్నవాడి ఇంట్లో గోడకి ఫ్రెంచి కిరాణా దుకాణంవాళ్ల క్యాలెండర్ వేలాడుతుంటుంది. నెల పేరు, వారాల పేర్లు. ఆ అక్షరాలు కంటబడగానే ఆయన తలలో ఎప్పుడో ఆగిపోయిన చప్పుడు మొదలవుతుంది. ఎవరూ లేని సమయంలో ఇల్లంతా బద్దలు కొట్టి, అరుచుకుంటూ ఎడారి వైపు పరుగెడతాడు. కావలి కాస్తున్న ఫ్రెంచి సైనికుడు చూసి, ఎవడో పిచ్చి ఫకీరు అనుకుని, అదృష్టం కోసం ఒక తూటా పేలుస్తాడు. తన వైపువాడే గుర్తు పట్టలేదు.

క్లాసులో ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వచ్చేది: "సార్, ఆయనకి ఆ భాష వచ్చు కదా, మరి ఎందుకిలా అయింది?" భాష వచ్చు కాబట్టే అయింది. రానివాడైతే హోటల్లోనే ఉండేవాడు. వచ్చన్న ధైర్యం, మూడు రోజుల పరిచయాన్ని స్నేహం అనుకోవడం, పెట్టె కొనుక్కోవాలన్న సరదా, ఈ మూడూ కలిసి ఆయన్ని లోయలోకి దింపాయి. ఎవరూ తోయలేదు. బోల్స్ పాత్రల్ని ఎడారి చంపదు. తమకి ఏదో రక్షణ ఉందన్న నమ్మకం చంపుతుంది. ఆ నమ్మకం ఒకరికి భాష మీద, ఇంకొకరికి డబ్బు మీద, మరొకరికి పాస్‌పోర్టు మీద.

పాస్‌పోర్టు అన్నాను కాబట్టి "ది షెల్టరింగ్ స్కై" దగ్గరికి వద్దాం. 1949లో వచ్చిన మొదటి నవల, అందరూ చెప్పుకునేది. ముందు కాంట్రాక్టు ఇచ్చిన ప్రచురణ సంస్థ ఇది నవలే కాదని తిప్పి పంపింది. లండన్‌లో వేరేవాళ్లు వేశారు, తర్వాత అమెరికాలో బాగా అమ్ముడుపోయింది. కథ ఎక్కువ భాగం నడిచేది ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని అల్జీరియాలో. పోర్ట్, కిట్ అనే అమెరికన్ దంపతులు, టన్నర్ అనే మిత్రుడు రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే ఉత్తర ఆఫ్రికాలో ఓడ దిగుతారు. పోర్ట్ తనని టూరిస్టు అంటే ఒప్పుకోడు. టూరిస్టు కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఇంటికి పరుగెడతాడు, తాను యాత్రికుడు, ఏ చోటికీ చెందడు, ఏళ్ల తరబడి తిరుగుతాడు అన్నది అతని వాదం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ వాక్యాన్ని సూర్యాస్తమయం ఫొటో మీద పెట్టుకునేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. అలా అన్న మనిషి సహారాలోని ఒక ఫ్రెంచి సైనిక శిబిరంలో టైఫాయిడ్‌తో చనిపోతాడు, ఆ సమయానికి భార్య కూడా పక్కన ఉండదు. ఆ చావు రాయడానికి ముందు బోల్స్ గంజాయి కలిపిన మజూన్ తిన్నానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. మీరు ప్రయత్నించకండి.

అందరూ ఆ చావు గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే ముఖ్యమైన ఘట్టం పాస్‌పోర్టు పోవడం. పోర్ట్ వెంటనే హోటల్ నడిపే అబ్దుల్ ఖాదర్‌ని అనుమానించి, అక్కడి ఫ్రెంచి లెఫ్టినెంట్‌కి ఫిర్యాదు చేస్తాడు. తీరా చూస్తే దొంగ అతను కాదు. తల్లితో కలిసి అదే దారిలో తిరుగుతున్న ఎరిక్ లైల్ అనే తెల్లవాడు కాజేసి అమ్మేసుకున్నాడు. స్థానికుల మీదే కన్నేసి ఉంచిన మనిషికి పక్కనున్న తనవాడు కనబడలేదు. పాస్‌పోర్టు లేదని తెలిశాక సగం ప్రాణమే ఉన్నట్టుందని పోర్ట్ ఆ లెఫ్టినెంట్‌తో అంటాడు.

ఈ ఘట్టాన్ని మా ఊరి లైబ్రరీలో ఆదివారాలు జరిగే కథల గోష్ఠిలో ఒకసారి తెలుగులో చెప్పాను. గల్ఫ్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చిన జగిత్యాల వైపు ఆయన ఒకరు లేచి అన్నారు: "గాయన పాస్‌పోర్టు పోతే గంత పరేషాన్ అయిండా సార్? మా పాస్‌పోర్టులు దిగిన్నాడే కఫీలు గుంజుకున్నడు. ఖల్లివల్లి అయినోళ్లు ఔట్‌పాస్ కోసం ఎంబసీ చుట్టు ఎన్నేండ్లు తిరిగిన్రో గది రాయుమనుండ్రి ఆయన్ని." (కఫీలు అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఖల్లివల్లి అంటే అతన్ని వదిలేసి కాగితాలు లేకుండా బతికేవాళ్లు. ఔట్‌పాస్ అంటే వాళ్లు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం.) నవ్వులయ్యాయి కానీ, బోల్స్ మీద నేను చదివిన విమర్శల్లో చాలావాటికంటే ఇది సూటిగా తగిలింది. బోల్స్ మనుషులు కావాలని తప్పిపోతారు. తప్పిపోవడానికి కూడా డబ్బు కావాలి. పనికోసం వలసపోయినవాడికి ఆ విలాసం లేదు, అతని పాస్‌పోర్టు బీరువాలో ఉంటుంది, తాళం వేరేవాడి జేబులో ఉంటుంది. బోల్స్ ఎప్పుడూ రాయని సగం ఇది. తెలుగులో రాసేవాళ్లకి ఆ సగం చేతికందేంత దగ్గరలో ఉంది.

ఇక మీ కొలీగ్ మొహం ఎందుకు చిట్లించింది? ఆవిడ మనసులో ఏముందో నేను చెప్పలేను. కారణాలు మాత్రం బోలెడున్నాయి.

ఒకటి, "షెల్టరింగ్ స్కై" మూడో భాగం. పోర్ట్ పోయాక కిట్ ఒక ఒంటెల బిడారులో కలుస్తుంది. బెల్కాసిం అనేవాడు ఆమెని బలాత్కరించి, తీసుకెళ్లి ఇంట్లో బంధిస్తాడు. దాన్ని ఆమె కోరుకుంటున్నట్టుగా బోల్స్ రాస్తాడు. అక్కడ నేను ఆయన్ని వెనకేసుకు రాను. అప్పటిదాకా ఒక ఆడమనిషి మనసు లోపలికంటా చూపించిన రచయిత, అక్కడ యూరప్‌వాళ్ల పాత ఎడారి కలల్లోకి జారిపోయాడు. క్లాసులో ఆ అధ్యాయాలు వచ్చినప్పుడు అమ్మాయిలు ముభావంగా అయిపోయేవారు, అది సబబే.

రెండు, ఆయన కథల్లో స్థానికులు చాలాసార్లు విధిలా వస్తారు, మనుషుల్లా రారు. లోయ అంచు దాకా తీసుకెళ్లి వెళ్లిపోయిన పనివాడికి ఇల్లుందా, పిల్లలున్నారా? కథకి అక్కర్లేదు. ప్రొఫెసర్ కళ్లలోంచి చూస్తున్నాం కాబట్టి అక్కర్లేదు అనొచ్చు, ఆ సమర్థన నేనూ చాలాసార్లు చేశాను, ఒక కథకి అది చాలుతుంది కూడా. ఎన్నో కథల్లో అదే తంతు అయితే మొరాకో పాఠకులకి ఒళ్లు మండదా?

మూడు, ఆయనకి నచ్చిన మొరాకో పాత మొరాకో. 1959లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ గ్రాంటుతో, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఊరూరా తిరిగి జానపద సంగీతం రికార్డు చేశాడు, అది నిజంగా గొప్ప పని. కానీ ఆ దేశం మారడం, కరెంటూ పార్టీలూ రేడియోలూ రావడం ఆయనకి దిగులు. ఆ దేశంవాళ్లకి అవి కావాలి మరి.

మొహమ్మద్ షుక్రి పేరు ఇక్కడ చెప్పాలి. ఉత్తర మొరాకోలోని రిఫ్ కొండల్లో పుట్టి, కరువులో కుటుంబంతో టాంజియర్ చేరి, ఇరవయ్యో ఏడు దాకా అక్షరం ముక్క రాకుండా పెరిగిన రచయిత. ఆయన ఆత్మకథని 1973లో "ఫర్ బ్రెడ్ ఎలోన్" పేరుతో ఇంగ్లిష్ చేసింది బోల్సే. షుక్రి రాసింది గ్రాంథిక అరబిక్, బోల్స్‌కి అది చదవడం రాదు. ఇద్దరూ కూర్చుని, వాడుక అరబ్బీ, స్పానిష్, ఫ్రెంచి కలగలిపి ఒక్కో వాక్యం దాటించారు. అరబిక్ మూలం 1982లో అచ్చయి, మరుసటి ఏడు మొరాకోలో నిషేధానికి గురైంది, ఆ నిషేధం 2000 దాకా ఉంది. అదే షుక్రి తర్వాత బోల్స్ మీద ఒక పుస్తకమే రాసి, ఈయన ప్రేమించింది మొరాకోని, మొరాకోవాళ్లని కాదు అన్న అర్థంలో చాకిరేవు పెట్టాడు. బోల్స్ చదివితే షుక్రిని తప్పక చదవండి. అవే వీధులు, అవే కాఫీ దుకాణాలు, కాకపోతే ఆకలితో ఉన్న పిల్లవాడి ఎత్తు నుంచి కనిపిస్తాయి. మీ కొలీగ్ అరబిక్‌లో చదివి ఉంటే బోల్స్ ఇంగ్లిష్ ఎక్కడ జారిందో అడిగి తెలుసుకోండి. ఆ అవకాశం మాకెవరికీ లేదు.

ఆయన చూపుని పరీక్షించుకోవడానికి మనకి ఇంకో దగ్గరి దారి ఉంది. 1952లో బోల్స్ దక్షిణ భారతం వచ్చాడు. ఆ రోజుల్లోనే శ్రీలంకలో వెలిగామ దగ్గర చిన్న దీవి ఒకటి కొనుక్కున్నాడు కూడా. కన్యాకుమారి, నాగర్‌కోయిల్ ప్రాంతం మీద ఆయన రాసిన వ్యాసం 1963లో వచ్చిన యాత్రా వ్యాసాల సంపుటిలో ఉంది. హోటల్ గది, ఆ ఉక్కపోతతో మొదలవుతుంది. మొరాకో గురించి ఆయన రాసింది తప్పో ఒప్పో మనం తేల్చలేం. మన ఎండలూ, మన హోటళ్లూ, మన మనుషుల గురించి రాస్తే ఎక్కడ కన్ను చురుగ్గా పని చేసిందో, ఎక్కడ విసుగు మాత్రమే మాట్లాడిందో పేరా పేరాకీ తెలిసిపోతుంది. అది చదివాక సహారా కథలు చదవండి, ఎంత నమ్మాలో ఒక అంచనా వస్తుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ అభ్యంతరాల్లో కొన్నింటికి జవాబు ఆయన రాతల్లోనే ఉంది. 1955లో వచ్చిన "ది స్పైడర్స్ హౌస్" ఫెజ్ నగరంలో 1954 నాటి కథ. అంతకు ముందు ఏడాదే ఫ్రెంచివాళ్లు సుల్తాన్ ఐదో మొహమ్మద్‌ని గద్దె దించారు, ఊరు ఉడికిపోతోంది. ఫెజ్ పాత జీవితం గురించి రాద్దామని కూర్చుంటే కళ్లెదుటే అది కూలిపోవడం మొదలైందని బోల్స్ తర్వాతి ముందుమాటలో చెప్పాడు. ఖురాన్‌లో అన్ని ఇళ్లలోకీ బలహీనమైనది సాలీడు ఇల్లని ఉంది, పేరు అక్కడిదే. ఇందులో సగం నవల అమర్ అనే చదువురాని కుర్రవాడి మనసులోంచి నడుస్తుంది. స్టెన్‌హామ్ అనే అమెరికన్ రచయితకి ఊరు ఉన్నదున్నట్టు ఉండిపోవాలి, లీ అనే అమెరికన్ యువతికి అంతా ఆధునికం కావాలి. ఆ కుర్రవాడికి ఏం కావాలో మాత్రం ఇద్దరూ పట్టించుకోరు. చివర్లో ఇద్దరూ కారులో వెళ్లిపోతుంటే అమర్ దాని వెనక పరుగెడతాడు. స్టెన్‌హామ్ చాలావరకు బోల్సే. తనని తాను ఇంత గట్టిగా బోను ఎక్కించుకున్న రచయితని జాత్యహంకారి అని ఒక్క మాటతో పక్కన పెట్టలేం. నన్నడిగితే ఆయన నవలల్లో ఉత్తమమైనది ఇదే, "షెల్టరింగ్ స్కై" కాదు.

అలాగే "హియర్ టు లెర్న్" అనే కథ. ఇందులో దారి తప్పేది తెల్లవాళ్లు కాదు. మలికా అనే మొరాకో పల్లెపిల్ల ఒక విదేశీయుడి కారెక్కి ఊరు దాటుతుంది, ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి యూరప్ అంతా తిరిగి, డబ్బున్న అమెరికన్‌ని పెళ్లాడి లాస్ ఏంజెలెస్ చేరుతుంది. ఆమె చూసేవన్నీ ఆమె లెక్కలోనే అర్థం చేసుకుంటుంది, ఆ లెక్క చాలాసార్లు తప్పు, ఎక్కువసార్లు నవ్వు పుట్టించే తప్పు. భర్త పోతాడు, ఆస్తి మిగులుతుంది. ఇంటికొస్తే తల్లి లేదు, వదిలి వెళ్లిన చోటు కూడా లేదు. అమెరికా నుంచి చాలా ఏళ్లకి ఊరికొచ్చి, ఇల్లున్న చోట అపార్ట్‌మెంటు చూసినవాళ్లకి ఈ కథ చెప్పనక్కర్లేదు.

మీ కథలకి ఏం పనికొస్తుంది? రెండు విషయాలు చెప్తాను, రెండూ నా బల్ల మీదికి వచ్చిన కథల నుంచే.

విదేశాల నుంచి వచ్చే కథల్లో ఎక్కువగా కనిపించే జబ్బు, కథ అయ్యేసరికి అందరికీ అన్నీ అర్థమైపోవడం. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి ఒకావిడ మంచి కథ పంపారు. అక్కడి అపార్ట్‌మెంట్లలో మెట్లు ఊడ్చే వంతు వారానికొకరిది, కేర్‌వోఖె అంటారు. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి ఒక పలక తగిలిస్తారు. కొత్తగా వెళ్లిన తెలుగమ్మాయి తలుపుకి ఒక సాయంత్రం ఆ పలక వేలాడుతుంటుంది. చదవడం రాదు. ఎదురింటి ముసలావిడ తనని ఏదో అవమానించడానికే పెట్టిందనుకుని లోపలికి తెచ్చి సొరుగులో పడేస్తుంది. ఇంతవరకు అద్భుతం. ఆ తర్వాత ముసలావిడ వచ్చి విడమరిచి చెప్పడం, కాఫీకి పిలవడం, ఇద్దరూ కళ్లు తుడుచుకోవడం. సొరుగు మూసిన దగ్గర ఆపేయమన్నాను. వారం గడిచినా మెట్లు ఊడ్చలేదని ముసలావిడ గొణుగుతూ తానే ఊడుస్తున్న చప్పుడు తలుపు లోపలి నుంచి అమ్మాయి వినడం, అంతే చేర్చి ఆవిడ ఆపేశారు. ఇద్దరూ ఎవరి లెక్కలో వాళ్లు సరైనవాళ్లే. బోల్స్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇదీ: పాత్రకి తెలియనిది పాఠకుడికి వివరించి చెప్పకపోవడం, అయినా పాఠకుడు పసిగట్టేలా వస్తువుని కళ్లముందు పెట్టడం.

రెండోది హెచ్చరిక. బోల్స్ చదివిన కుర్రాళ్లు వెంటనే నాలుకలు కోయడం మొదలుపెడతారు. దుబాయ్ లేబర్ క్యాంపులో హత్య, షికాగో సందులో హత్య. నెత్తురు ఆయన పద్ధతిలో ఒక భాగమే, ముఖ్యమైన భాగం కాదు. "పాస్టర్ డౌ ఎట్ టకాటే" చదవండి. లాటిన్ అమెరికా అడవుల్లో క్రైస్తవం చెప్పబోయిన పాస్టరు ఆయన. ఆయన ప్రసంగం ఎవరికీ పట్టదు. గ్రామఫోన్ మీద జాజ్ పాట పెడితే మాత్రం జనం కూర్చుంటారు. పాట ఆపితే లేస్తారు. ఉప్పు కూడా పంచాల్సి వస్తుంది. చివరికి వాళ్లు ఆయనకి ఒక చిన్నపిల్లని భార్యగా ఇవ్వబోతారు. ఆ పిల్ల చంకలో పిల్ల మొసలి, బొమ్మలా జోకొడుతూ ఉంటుంది. పాస్టరు రాత్రికి రాత్రి పడవెక్కి పారిపోతాడు. ఒక్కరికి కూడా గోరంత గాయం కాదు, అయినా ఆ మనిషి మొత్తం కుప్పకూలాడు.

ఇంకా మెత్తగా కావాలంటే "ది టైమ్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్". ఏటా శీతాకాలం సహారాలో గడిపే స్విస్ టీచరమ్మ, స్లిమాన్ అనే కుర్రాడు. అల్జీరియా యుద్ధం నడుస్తున్న రోజులు. ఆవిడ క్రిస్మస్‌కి మట్టి బొమ్మలతో, చాక్లెట్లతో పశువుల పాక కొలువు తీరుస్తుంది, మన బొమ్మల కొలువులాగే. వాడు చాక్లెట్లన్నీ తినేసి కొలువు చెరిపేస్తాడు. ఆ తర్వాత ఆవిడ ఇంటికి వెళ్లమని ఇచ్చిన డబ్బుతోనే యుద్ధంలో చేరడానికి బయల్దేరతాడు. ఆవిడకి వాడి మీదున్న ప్రేమ నిజం. వాడికి ఆవిడ మీదున్న గౌరవమూ నిజమే. ఏ ఒక్కటీ ఉపయోగపడదు.

చదివే వరుస నన్ను నిర్ణయించమంటే: ముందు "ఎ డిస్టంట్ ఎపిసోడ్", తర్వాత పాస్టరు కథ, నాగర్‌కోయిల్ వ్యాసం. ఆపైన "షెల్టరింగ్ స్కై", దాని వెంటనే గ్యాప్ ఇవ్వకుండా షుక్రి "ఫర్ బ్రెడ్ ఎలోన్". ఓపికుంటే "స్పైడర్స్ హౌస్", "హియర్ టు లెర్న్". 1952 నాటి "లెట్ ఇట్ కమ్ డౌన్"లో న్యూయార్క్ బ్యాంకు గుమాస్తా ఒకడు టాంజియర్ వచ్చి కరెన్సీ స్మగ్లింగ్‌లో ఇరుక్కుని హంతకుడవుతాడు. అంతర్జాతీయ మండలం ఎలా ఉండేదో చూడాలంటే అది బాగుంటుంది, నడుమ కాస్త సాగుతుంది. 1966లో వచ్చిన "అప్ అబవ్ ది వరల్డ్" థ్రిల్లర్‌లాంటిది, మధ్య అమెరికాలో జరుగుతుంది, వదిలేసినా నష్టం లేదు. "షెల్టరింగ్ స్కై"ని 1990లో ఇటలీ దర్శకుడు బెర్తొలుచ్చి సినిమా తీశాడు. కెఫేలో కూర్చుని కనిపించే ముసలాయన బోల్సే. నవల తర్వాతే చూడండి, ముందు చూస్తే ఎడారి అందం తప్ప ఇంకేమీ గుర్తుండదు.

కథలు కొనేటప్పుడు విడి సంపుటాల కోసం వెతక్కండి. ముఖ్యమైన కథలన్నీ కలిపిన సంకలనాలు పేపర్‌బ్యాక్‌లో, కిండిల్‌లో దొరుకుతున్నాయి. పైన చెప్పిన నాలుగు కథలూ విషయసూచికలో ఉన్నాయో లేదో చూసుకుని కొనండి.